సెంటెన్స్ కరెక్షన్‌లో స్పష్టమైన వాక్యాన్ని పట్టుకోవడం ఎలా?

ఒక ఇంగ్లీషు వాక్యాన్ని సరిగ్గా చెప్పిన ఆప్షన్ ఏదో ఎంచుకోమనేవి సెంటెన్స్ కరెక్షన్ ప్రశ్నలు. వీటిలో సగం ఆప్షన్లు తేలిగ్గానే ఎగిరిపోతాయి. చివరికి రెండు మిగులుతాయి. చిక్కంతా అక్కడే. రెండూ చదవడానికి బాగానే ఉంటాయి, టైమ్ తరుముతుంటుంది, "ఇదే బాగుంది" అనిపించినది పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్లకు ఆ "బాగుంది" అనే కొలత చాలాసార్లు దెబ్బ తీస్తుంది. తెలుగులో నిక్షేపంలా నిలబడే నిర్మాణాలు కొన్ని ఇంగ్లీషులో తప్పులు. మన చెవికి అలవాటైన ధోరణే కాబట్టి అవి మనకు తప్పుగా వినిపించవు.

అలాగని తెలుగును పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. వాక్యానికి అర్థమేమిటో తేల్చుకోవడానికి తెలుగును వాడండి. నిర్మాణం సరైనదా కాదా అన్న తీర్పు మాత్రం ఇంగ్లీషు నియమాలకే వదిలేయండి. కింద చెప్పే అడుగులన్నీ ఈ విభజన మీదే నడుస్తాయి. స్పష్టమైన వాక్యం అంటే ఒకే ఒక్క అర్థం ఇచ్చే వాక్యం అన్నది మనసులో పెట్టుకోండి. పొట్టిగా ఉందా, గంభీరంగా ఉందా అన్నవి తర్వాతి సంగతులు.

ఉదాహరణ వాక్యాలను తెలుగు లిపిలో ఇచ్చాం. పక్కన కాగితం పెట్టుకుని వాటిని ఇంగ్లీషులో రాసుకుంటూ చదివితే తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

ముందుగా మీ పరీక్ష రూపం చూసుకోండి

పాత జీమ్యాట్‌లో (మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష) వాక్యంలో కొంత భాగం కింద గీత ఉండేది. ఐదు ఆప్షన్లలో మొదటిది ఎప్పుడూ అసలు వాక్యమే. 2023 నవంబరులో ఫోకస్ ఎడిషన్ అనే కొత్త రూపం వచ్చింది, అందులో ఈ తరహా ప్రశ్నలను తీసేశారు, పాత రూపం 2024 జనవరితో ముగిసింది. పాత జీమ్యాట్ పుస్తకాలు ఇప్పటికీ మంచి సాధన సామగ్రే. కానీ జీమ్యాట్ కోసమే చదువుతుంటే ఆ అధ్యాయాల మీద నెలలు ఖర్చు చేయకండి.

ఎస్ఏటీ, ఏసీటీ అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్షలు. డిజిటల్ ఎస్ఏటీలో ఈ తరహా ప్రశ్నలకు గీత ఉండదు. ఖాళీ ఇచ్చి నాలుగు ఆప్షన్లు ఇస్తారు. రీడింగ్ అండ్ రైటింగ్ విభాగంలో 32 నిమిషాల చొప్పున రెండు మాడ్యూళ్లు (భాగాలు), ఒక్కో దాంట్లో 27 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు సుమారు 71 సెకన్లు. ఏసీటీ ఇంగ్లీష్‌లో గీత గీసిన భాగం ఇచ్చి, "మార్పు అక్కర్లేదు" అనే ఆప్షన్ కూడా ఇస్తారు. 2025లో మార్చిన రూపంలో 35 నిమిషాలకు 50 ప్రశ్నలు, ప్రశ్నకు 42 సెకన్లు. "మార్పు అక్కర్లేదు" ఉన్న పరీక్షల్లో జరిగే పొరపాటు ఒకటుంది. తప్పు ఉండి తీరాలి అన్న అనుమానంతో బాగున్న వాక్యాన్ని చెడగొట్టడం. పరీక్ష పెట్టేవాళ్లు ఆ ఆప్షన్‌ను అలంకారానికి పెట్టరు, అది కూడా సరైన జవాబు అవుతుంటుంది.

1. మొత్తం వాక్యం చదివి, తెలుగులో ఒక్క ముక్కలో చెప్పుకోండి

గీత ఉన్న భాగం మాత్రమే చదివి ఆప్షన్లలోకి దూకడం చాలామందికి అలవాటు. సబ్జెక్ట్ గీతకు ముందు ఉండవచ్చు, పోలికలో రెండో సగం గీత తర్వాత ఉండవచ్చు. ఫుల్‌స్టాప్ దాకా చదివి, ఎవరు, ఏం చేశారు, ఎందుకు అనేది మనసులో తెలుగులో చెప్పుకోండి. చెప్పేటప్పుడు "ఎవరు?" "ఏది?" అని ఎక్కడ ఆగారో, ప్రశ్నలోని లోపం తరచుగా అక్కడే ఉంటుంది.

2. సబ్జెక్ట్‌నూ వర్బ్‌నూ విడదీసి చూడండి

"ది కాస్ట్ ఆఫ్ ది రిపెయిర్స్ టు ది రోడ్స్ ఆర్ రైజింగ్." ఇది చదివితే ఏమీ తేడాగా అనిపించదు. దీన్నే తెలుగులో అనండి: రోడ్ల మరమ్మతుల ఖర్చు పెరుగుతోంది. తెలుగులో అసలు పదం "ఖర్చు" వచ్చి క్రియ పక్కనే కూర్చుంటుంది, అందుకే మనకు ఈ గందరగోళం అలవాటు లేదు. ఇంగ్లీషులో అసలు పదం "కాస్ట్" ముందుకు వెళ్లిపోతుంది, "రోడ్స్" వచ్చి వర్బ్ పక్కన చేరుతుంది. కన్ను ఆ బహువచనాన్ని చూసి "ఆర్" అనేస్తుంది. "ఆఫ్", "టు", "ఇన్", "విత్" లతో మొదలయ్యే ముక్కలను పెన్సిల్‌తో కొట్టేయండి. స్క్రీన్ మీద పరీక్ష అయితే మనసులోనే కొట్టేయండి. మిగిలేది "ది కాస్ట్ ఈజ్ రైజింగ్". ఇది పది సెకన్ల పని, ఒక్కోసారి రెండు ఆప్షన్లను ఒకేసారి తీసేస్తుంది.

3. ఆప్షన్లను అడ్డంగా చదవకండి, నిలువుగా పోల్చండి

ఒక్కో ఆప్షన్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివితే మూడోదానికి వచ్చేసరికి మొదటిది మరచిపోతారు. ఆప్షన్ల మొదటి పదాలు చూడండి, తర్వాత చివరి పదాలు చూడండి. రెండు "ఈజ్"తో, రెండు "ఆర్"తో ఉంటే ప్రశ్న అడిగేది అదే. ఆ ఒక్క తేడా మీద తీర్పు చెప్పి సగం తీసేయండి. తర్వాత మిగిలిన వాటిలో ఇంకో తేడా పట్టుకోండి. అన్ని ఆప్షన్లలోనూ ఒకేలా ఉన్న భాగం మీద ఒక్క సెకను కూడా పెట్టకండి, అది మీకు నచ్చినా నచ్చకపోయినా మార్చే వీలు లేదు.

తేడా కనిపించినంత మాత్రాన తీర్పు చెప్పాలనేం లేదు. "బిగిన్", "స్టార్ట్" లాంటి తేడాలు ఊరికే కన్ను మళ్లించడానికి పెట్టి ఉంటాయి. నియమం చెప్పగలిగిన తేడా మీదే వేటు వేయండి.

4. మాడిఫయర్ ఎవరికి అతుక్కుంది?

మాడిఫయర్ అంటే వాక్యంలో మరో పదాన్ని వివరించే ముక్క. తెలుగువాళ్లం ఎక్కువగా జారిపోయే చోటు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. "వాన పడి చెరువు నిండింది" అంటాం. పడింది వాన, నిండింది చెరువు. కర్తలు వేరైనా తెలుగులో వాక్యం చక్కగా ఉంది. ఇంగ్లీషు దీన్ని ఒప్పుకోదు. కామాకు ముందున్న, క్రియ చివర "ఇంగ్" చేరిన ముక్క, కామా తర్వాత వచ్చే సబ్జెక్ట్‌కే అతుక్కుంటుంది.

"వాకింగ్ టు ది స్టేషన్, ది రెయిన్ సోక్డ్ మై బుక్స్." స్టేషన్‌కి నడుస్తుంటే వాన పడి పుస్తకాలు తడిశాయి అని మనకు అర్థమైపోతుంది. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం నడుస్తున్నది వాన. దీన్ని సరిచేసినట్టు కనిపించే ఆప్షన్ ఒకటి తప్పకుండా పెడతారు: "వాకింగ్ టు ది స్టేషన్, మై బుక్స్ వర్ సోక్డ్." ఇక్కడ "మై" ఉంది కదా, మనిషి వచ్చాడు అనుకుంటాం. కానీ సబ్జెక్ట్ "బుక్స్", ఇప్పుడు నడుస్తున్నవి పుస్తకాలు. సరైనది "యాజ్ ఐ వాజ్ వాకింగ్ టు ది స్టేషన్, ది రెయిన్ సోక్డ్ మై బుక్స్". మూడింటిలోకీ పొడవైనది ఇదే, అర్థం స్పష్టంగా ఉన్నదీ ఇదే.

అలవాటు చేసుకోవాల్సిన పని ఇది: వాక్యం "ఇంగ్" లేదా "ఈడీ" చివర ఉన్న క్రియతోనో, "హ్యావింగ్", "లైక్", "అన్‌లైక్" లతోనో మొదలైతే కామా దగ్గర ఆగండి. "ఈ పని ఎవరు చేశారు?" అని అడగండి. జవాబు కామా తర్వాతి సబ్జెక్ట్‌గా లేకపోతే ఆ ఆప్షన్ పోయినట్టే.

"విచ్" కూడా ఈ కోవలోదే. "ది ట్రెయిన్ వాజ్ లేట్, విచ్ మేడ్ అస్ మిస్ ది మీటింగ్" అన్నప్పుడు మన మనసులో ఉన్నది "దాంతో" అనే మాట. తెలుగులో "దాంతో" వెనకున్న మొత్తం సంగతిని మోస్తుంది. జీమ్యాట్ తరహా ప్రశ్నల్లో "విచ్" అంత బరువు మోయలేదు, తనకు ఆనుకుని ఉన్న నామవాచకాన్నే పట్టుకోవాలి. ఇక్కడ పట్టుకోవడానికి నామవాచకమే లేదు. "సో వి మిస్డ్ ది మీటింగ్" అంటే సరిపోతుంది. మాటల్లో "విచ్"ను ఇలా అందరూ వాడతారు, పరీక్షలో మాత్రం వాడుక కంటే కచ్చితత్వానికే మార్కు.

ఇక "ఓన్లీ". ఇక్కడ తెలుగు నిజంగా సాయపడుతుంది. "మాత్రమే" అనే మాటను మనం ఎప్పుడూ సంబంధించిన పదానికే తగిలిస్తాం. ఈ మూడూ చూడండి. "ఓన్లీ ది మేనేజర్ సైన్డ్ ది లెటర్" అంటే మేనేజర్ మాత్రమే సంతకం చేశాడు, ఇంకెవరూ చేయలేదు. "ది మేనేజర్ ఓన్లీ సైన్డ్ ది లెటర్" అంటే సంతకం మాత్రమే చేశాడు, రాసింది వేరొకరు. "ది మేనేజర్ సైన్డ్ ఓన్లీ ది లెటర్" అంటే ఆ లెటర్ మీద మాత్రమే చేశాడు, మిగతా కాగితాల మీద చేయలేదు. ఆప్షన్లలో "ఓన్లీ" చోటు మారుతుంటే మొదటి అడుగులో చెప్పుకున్న తెలుగు అర్థంలో "మాత్రమే" ఎక్కడ తగులుతుందో చూసుకోండి. "ఆల్మోస్ట్", "ఈవెన్" లకు కూడా ఇదే పరీక్ష.

5. ప్రతి సర్వనామానికీ చిరునామా ఉండాలి

"ఇట్", "దే", "దిస్", "దెయిర్" కనిపించగానే అది సూచించే నామవాచకం మీద వేలు పెట్టండి. వేలు పెట్టడానికి ఏమీ దొరక్కపోయినా, రెండు దొరికినా ఆ ఆప్షన్‌ను అనుమానించండి. "వెన్ ది మేనేజర్ కాల్డ్ ది క్లర్క్, హి వాజ్ యాంగ్రీ." కోపం ఎవరికి? తెలుగులో "తను" అనీ "అతను" అనీ తేడా చూపించే సౌకర్యం మనకుంది. ఇంగ్లీషులో "హి" ఒక్కటే. అందుకే సరైన ఆప్షన్ "ది క్లర్క్ వాజ్ యాంగ్రీ" అని నామవాచకాన్ని మళ్లీ చెబుతుంది. ఒకే పదం రెండుసార్లు వచ్చిందని దాన్ని కొట్టేయకండి. స్పష్టత కోసం తిరిగి చెప్పిన పదం పునరుక్తి దోషం కిందకు రాదు.

6. పోలికలో రెండు వైపులా ఒకే జాతి వస్తువు ఉందా?

"ఈ బావిలో నీళ్లు ఆ బావి కంటే తియ్యగా ఉంటాయి" అంటే తెలుగులో ఎవరూ తప్పు పట్టరు. ఇదే ఇంగ్లీషులో "ది వాటర్ ఇన్ దిస్ వెల్ ఈజ్ స్వీటర్ దాన్ దట్ వెల్" అంటే నీళ్లను బావితో పోల్చినట్టు. "దాన్ ది వాటర్ ఇన్ దట్ వెల్" అని ఉండాలి. "లైక్ జపాన్, ది పాపులేషన్ ఆఫ్ ఇటలీ ఈజ్ ఏజింగ్" అన్నప్పుడు దేశానికీ జనాభాకీ పోలిక పెట్టారు. "లైక్ జపాన్, ఇటలీ హ్యాజ్ యాన్ ఏజింగ్ పాపులేషన్" అంటే దేశానికి దేశం సరిపోయింది.

ఇంకో రకం మరీ సన్నగా ఉంటుంది. "షి లైక్స్ మ్యూజిక్ మోర్ దాన్ హర్ సిస్టర్." అక్కకు ఉన్నదాని కంటే ఈమెకు సంగీతం మీద ఇష్టం ఎక్కువా? లేక ఈమెకు అక్క మీద కంటే సంగీతం మీదే ఇష్టం ఎక్కువా? చివర "డజ్" అనే ఒక్క పదం చేరిస్తే మొదటి అర్థం ఖాయమవుతుంది. ఆప్షన్లలో ఒకదాని చివర "డజ్", "డిడ్", "దట్ ఆఫ్", "దోజ్ ఆఫ్" లాంటివి వేలాడుతుంటే అవి అదనపు పదాలని తీసేసేముందు ఆగి ఈ పరీక్ష చేయండి.

జంట పదాల విషయం త్వరగా ముగించవచ్చు. "నాట్ ఓన్లీ... బట్ ఆల్సో", "బోత్... అండ్", "ఐదర్... ఆర్" కనిపిస్తే రెండింటి వెంటనే వచ్చే పదాల రూపం ఒకటే కావాలి. మొదటిదాని తర్వాత "ఫర్" వస్తే రెండోదాని తర్వాత కూడా "ఫర్". జాబితాలో మూడు పనులుంటే మూడూ "టు రీడ్, టు రైట్, టు స్పీక్" లాగో, మూడూ "ఇంగ్" తోనో ఉండాలి.

7. మన అలవాటు వల్ల దూరే అదనపు పదాలు

"అయినప్పటికీ... కానీ" అని తెలుగులో రెండూ వాడినా చెల్లిపోతుంది. "ఆల్దో... బట్" చెల్లదు, ఒక్కటే ఉండాలి. "గురించి చర్చించాం" అన్న అలవాటుతో "డిస్కస్ అబౌట్" అంటాం, "అబౌట్" ఉండకూడదు. "తిరిగి వెనక్కి" నుంచి "రిటర్న్ బ్యాక్" పుడుతుంది. "కారణం ఏమిటంటే... ఎందుకంటే" నుంచి "ది రీజన్ ఈజ్ బికాజ్" వస్తుంది, అక్కడ "దట్" కావాలి. పరీక్షల్లో ఇంకా తెలివిగా, రెండు పదాలనూ దూరదూరంగా పెడతారు. గీతకు బయట "యాన్యువల్" ఉంటుంది, గీత లోపల చివరన "ఎవ్రీ ఇయర్" ఉంటుంది. మొత్తం వాక్యం చదవని వాళ్లకు ఇది కనిపించదు.

ఏసీటీలో గీత గీసిన భాగాన్ని పూర్తిగా తొలగించమనే ఆప్షన్ కూడా ఒక్కోసారి ఉంటుంది. తీసేశాక సమాచారం ఏమీ తగ్గకపోతే అదే జవాబు. తగ్గితే కాదు.

8. చివరి రెండింటి దగ్గర

పొడవు సంగతి చూడాల్సింది ఇప్పుడే, ఇంతకు ముందు కాదు. రెండింటిలోనూ వ్యాకరణం సరిగ్గా ఉండి, అర్థం అచ్చంగా ఒకటే అయితే పొట్టిది పెట్టండి. అర్థంలో వెంట్రుకంత తేడా ఉన్నా పొడవును మరచిపోయి అసలు వాక్యం ఉద్దేశానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. "ది రూల్ మే రెడ్యూస్ డిలేస్" కంటే "ది రూల్ రెడ్యూసెస్ డిలేస్" పొట్టిదే. కానీ "తగ్గించవచ్చు" కాస్తా "తగ్గిస్తుంది" అయింది, అంటే రచయిత అనని మాట అన్నట్టయింది.

"దట్" తీసేసినప్పుడు కూడా జాగ్రత్త. "ది కమిటీ ఫౌండ్ ది ప్లాన్ ఫెయిల్డ్" అని చదివేవాళ్లు "ఫౌండ్ ది ప్లాన్" దగ్గర, కమిటీకి ప్లాన్ దొరికిందేమో అనుకుని ఆగి, వెనక్కి వచ్చి మళ్లీ చదవాలి. "ఫౌండ్ దట్ ది ప్లాన్ ఫెయిల్డ్" అంటే ఆగక్కర్లేదు. వెనక్కి వచ్చి చదివించే వాక్యం ఓడిపోతుంది.

కోచింగ్ నోట్సుల్లో తిరిగే రెండు నమ్మకాల వల్ల చాలా మార్కులు పోతున్నాయి. ఒకటి, "బీయింగ్" ఉంటే తప్పు అని. రెండోది, ప్యాసివ్ వాయిస్ తప్పు అని. "బీయింగ్" ఉన్న ఆప్షన్లు తరచుగా బరువుగా ఉంటాయి, అందుకే తరచుగా ఓడిపోతాయి, అంతే. ప్యాసివ్ వ్యాకరణ దోషం కానే కాదు. "ది శాంపిల్స్ వర్ టెస్టెడ్ ట్వైస్" అన్నప్పుడు ఎవరు పరీక్షించారన్నది అనవసరం, వాక్యం శుభ్రంగా ఉంది.

విరామ చిహ్నాల ప్రశ్నల్లో పనికొచ్చే తర్కం ఒకటి. రెండు ఆప్షన్లు ఒకే పదాలతో ఉండి, ఒకదాంట్లో ఫుల్‌స్టాప్, మరోదాంట్లో సెమికోలన్ మాత్రమే తేడా అయితే రెండూ ఒకే పని చేస్తాయి. రెండు సరైన జవాబులు ఉండవు కాబట్టి రెండూ పోయినట్టే. రెండు పూర్తి వాక్యాలను ఉత్త కామాతో కలిపిన ఆప్షన్ కూడా పోతుంది.

ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా చేద్దాం

వాక్యం "హ్యావింగ్ స్టడీడ్ ది రివర్ ఫర్ టెన్ ఇయర్స్," అని మొదలవుతుంది. తర్వాతి భాగానికి ఐదు ఆప్షన్లు:

1) ది రిపోర్ట్ బై ది సైంటిస్ట్స్ షోస్ దట్ ఇట్స్ వాటర్ లెవెల్ హ్యాజ్ ఫాలెన్, విచ్ ఈజ్ బికాజ్ ఆఫ్ డ్యామ్స్ అప్‌స్ట్రీమ్.
2) ది సైంటిస్ట్స్ రిపోర్ట్ దట్ ఇట్స్ వాటర్ లెవెల్ హ్యాజ్ ఫాలెన్ బికాజ్ ఆఫ్ డ్యామ్స్ అప్‌స్ట్రీమ్.
3) దెయిర్ రిపోర్ట్ షోస్ ఇట్స్ వాటర్ లెవెల్ ఫెల్ బికాజ్ ఆఫ్ డ్యామ్స్ అప్‌స్ట్రీమ్.
4) ది సైంటిస్ట్స్ రిపోర్ట్ దట్ ఇట్స్ వాటర్ లెవెల్, ఇట్ హ్యాజ్ ఫాలెన్ బికాజ్ ఆఫ్ డ్యామ్స్ అప్‌స్ట్రీమ్.
5) ది సైంటిస్ట్స్ రిపోర్ట్ దట్, డ్యామ్స్ బీయింగ్ అప్‌స్ట్రీమ్, దేర్ హ్యాజ్ బీన్ ఎ ఫాలింగ్ దట్ హ్యాజ్ అకర్డ్ ఇన్ ఇట్స్ వాటర్ లెవెల్.

తెలుగులో అర్థం: పదేళ్లు నదిని పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఎగువనున్న ఆనకట్టల వల్ల నీటిమట్టం తగ్గిందని చెబుతున్నారు. పరిశీలించింది ఎవరు? శాస్త్రవేత్తలు. కామా తర్వాత వాళ్లే ఉండాలి. ఒకటిలోనూ మూడులోనూ సబ్జెక్ట్ "రిపోర్ట్", రెండూ పోయాయి. మూడులో "దెయిర్" ఎవరిదో కూడా తెలియదు. ఐదింటిలోకీ పొట్టిది ఇదే అన్నది గమనించండి. పొడవు చూసి వచ్చేవాళ్ల కోసం వేసిన ఎర అది. నాలుగులో "వాటర్ లెవెల్, ఇట్" అని ఒకే వర్బ్‌కు రెండు సబ్జెక్టులు వచ్చాయి. "నీటిమట్టం, అది తగ్గింది" అని మాటల్లో అంటాం కానీ ఇంగ్లీషు రాతలో కుదరదు. ఐదులో "ఫాలింగ్", "అకర్డ్" రెండూ ఒకే సంగతి. ఆనకట్టలే కారణమన్న మాట కూడా పలచబడింది. జవాబు రెండు. ఇప్పుడు దాన్ని మొదటి ముక్కతో కలిపి ఒక్కసారి మొత్తం చదవండి. "ఇట్స్" నదినే సూచిస్తోంది, ఆగాల్సిన చోటు ఎక్కడా లేదు. ఈ చివరి చదువు ఐదారు సెకన్లే. ఎంత తొందరలో ఉన్నా దీన్ని మానకండి. ఆప్షన్ విడిగా బాగుండి, వాక్యంలో పెట్టగానే గీత బయటి పదంతో తగాదా పడే సందర్భాలు చాలా ఉంటాయి.

సాధన

మొదటి రెండు వారాలు గడియారం లేకుండా రోజుకు 10 ప్రశ్నలు చాలు. ప్రతి ప్రశ్నలోనూ మీరు కొట్టేసిన ప్రతి ఆప్షన్ పక్కన ఎందుకు కొట్టేశారో రెండు మూడు పదాల్లో రాయండి: "విచ్‌కు నామవాచకం లేదు", "పోలిక తేడా", "అర్థం మారింది". కారణం రాయలేకపోతే ఆ ఆప్షన్‌ను చెవితో కొట్టేశారన్నమాట. జవాబు సరైనదైనా సరే, దాన్ని తప్పుగానే లెక్కేసి మళ్లీ చూడండి.

మూడో వారంలో గడియారం పెట్టండి. ఎస్ఏటీ, ఏసీటీ రాసేవాళ్లు తమ పరీక్ష వేగానికే సాధన చేయాలి. ఏసీటీ 42 సెకన్లలో ఎనిమిది అడుగులూ వరుసగా నడవడం కుదరదు. ఆప్షన్లను నిలువుగా చూసి, తేడా ఏ రకమో పోల్చుకుని నేరుగా ఆ అడుగుకే వెళ్లండి. కారణాల నోటుబుక్కును వారానికోసారి తిరగేసి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన దాని మీదే తర్వాతి వారం ప్రశ్నలు ఎంచుకోండి.